ఊపిరి సాక్ష్యము

పూర్వము న్యాయస్థానములలో సాక్షి యనగా మనుష్యుడే. అతడు చూచినది చెప్పును, విన్నది చెప్పును, ఒకప్పుడు చూడనిదియు విననిదియు చెప్పును. అందుచేతనే వానిచేత ప్రమాణము చేయించి, ఎదుటి పక్షమువారిచేత ప్రశ్నింపజేసి, వాని మాటలో గింజ యెంత, పొల్లు యెంత యని చెరిగి చూచు పద్ధతి యేర్పడినది. నేడు మన బాటలమీద వేరొక సాక్షి నిలిచియున్నది. అది అరచేతిలో నిముడు చిన్న యంత్రము. త్రాగి బండి నడపుచున్నాడని యనుమానింపబడినవాని నోటియొద్ద దాని గొట్టము నుంతురు. వాడు ఊదును. యంత్రము ఒక అంకె చూపును. ఆ అంకెయే వానిమీద సాక్ష్యము. ఈ సాక్షి లంచము తినదు, కులము నడుగదు, బంధుత్వము పాటింపదు. ఇట్టి సాక్షిని ప్రశ్నింపవచ్చునా? ప్రశ్నించుట ధర్మమా, లేక త్రాగుబోతునకు తప్పించుకొను దారి చూపుటయా? ఇది న్యాయవాదులకు మాత్రమే విడిచిపెట్టదగిన ప్రశ్న కాదు. మద్యపానము సంసారములకు శత్రువని నమ్మిన ప్రతి గృహస్థుడును, ప్రతి గృహిణియు ఆలోచింపవలసినది.

ముందుగా ఈ వాదమున పణముగా నున్న దేదియో చూతము. గజపతినగరము విజయనగరమునుండి రామభద్రపురము, సాలూరు మీదుగా కొండలెక్కి ఒడిశాలోనికిని, అటనుండి రాయపూరునకును పోవు రహదారి మీది యూరు. సాలూరు లారీల యూరని యీ ప్రాంతమున నెరుగనివారు లేరు. బరువు లెత్తుకొన్న లారీలు, బస్సులు, ఆటోలు, మోటారు సైకిళ్లు రేయింబవళ్లు సాగు బాట యది. ఆ బాటనే పిల్లలు బడికి పోవుదురు. కూరగాయల గంపలతో స్త్రీలు సంతకు పోవుదురు. పొలమునుండి ఎడ్లు ఇంటికి మరలును. అట్టి బాటపై త్రాగినవాడు బండి నడపెనేని వాడు పణమొడ్డునది తన ప్రాణము మాత్రమే కాదు.

2025 అక్టోబరు 24వ తేదీ వేకువజామున కర్నూలు సమీపమున చిన్నటేకూరు వద్ద జరిగిన ఘోరమును ఆంధ్రదేశము మరవలేదు. హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు బస్సు, బాటమీద నంతకు ముందే పడియున్న మోటారు సైకిలును ఈడ్చుకొని పోగా మంట లెగసి పందొమ్మండుగురు ప్రయాణికులు నిద్రలోనే దగ్ధమైరి. ఆ మోటారు సైకిలు నడపి జారిపడి మరణించిన యువకుడు మద్యము సేవించియుండెనని ఫోరెన్సిక్ పరీక్షలో తేలినట్లు పోలీసులు ప్రకటించిరి. ఇట్టి చితులు కన్నులయెదుట నుండగా, యంత్రముయొక్క తప్పొప్పులను గూర్చి వాదించుట కొందరికి నిర్దయగా దోచుట సహజమే. ఆ కోపము న్యాయమైనదే. కాని కోపము న్యాయమైనంత మాత్రమున దాని తీర్పు న్యాయమైనదని చెప్పజాలము.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో తెలిసికొందము. 1988 నాటి మోటారు వాహనముల చట్టమున 185వ సెక్షను దీనికి మూలము. నూరు మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉండగా బండి నడపుట నేరము. బ్రిటనులో 1967లో మొదట నిర్ణయించిన హద్దు 80 మిల్లీగ్రాములు. మన హద్దు అందులో సగముకన్న తక్కువ. మొదటి తప్పునకు ఆరు నెలల వరకు కారాగారమో, పదివేల రూపాయల జరిమానాయో, రెండునో. మరల చేసిన తప్పునకు రెండేండ్ల వరకు కారాగారమో, పదునైదువేల జరిమానాయో, రెండునో కలుగును. 2019లో సవరింపబడుటకు ముందు మొదటి జరిమానా రెండువేలు మాత్రమే. 203వ సెక్షను పోలీసు అధికారికి ఊపిరి పరీక్ష చేయు అధికారము నిచ్చి, ఆ పరీక్షాఫలము న్యాయస్థానమున సాక్ష్యముగా చెల్లునని చెప్పుచున్నది. 204వ సెక్షను రక్తమును వైద్యునిచేత తీయించి పరీక్షాశాలకు పంపుటను గూర్చినది. 205వ సెక్షను ప్రకారము తగిన కారణము లేక పరీక్షకు నిరాకరించినచో ఆ నిరాకరణమే వానికి ప్రతికూలముగా నెంచబడవచ్చును. ఈ నేరమునకై అరెస్టయినవానిని రెండు గంటలలోపల వైద్యపరీక్షకు గురిచేయవలె ననియు, లేనిచో విడువవలె ననియు 202వ సెక్షనులో నొక నిబంధన కలదు.

ఇందు చదువరులు గమనింపవలసిన దొకటి గలదు. చట్టము హద్దు గీచినది రక్తమునకు. యంత్రము చూచునది ఊపిరిని. ఈ రెంటి నడుమ నొక వంతెన గలదు. వివాదమంతయు ఆ వంతెనమీదనే.

రక్తము ఊపిరితిత్తులలోని పలుచని పొరలప్రక్కన ప్రవహించునపుడు అందలి ఆల్కహాలు కొంత ఆవిరియై గాలిలో గలియును. రక్తమున నెక్కువ యున్న గాలిలో నెక్కువ, రక్తమున తక్కువ యున్న గాలిలో తక్కువ. ద్రవములకును వాయువులకును గల ఈ సంబంధమును 1803లోనే విలియం హెన్రీ యను ఆంగ్ల రసాయనజ్ఞుడు నిరూపించెను. దాని నాధారము చేసికొని 1954లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున రాబర్ట్ బోర్కెన్‌స్టీన్ అను పోలీసు అధికారి బాటమీద వాడదగిన యంత్రమును నిర్మించెను. ఇప్పటి యంత్రములు చాలవరకు ఊపిరిలోని ఆల్కహాలును లోహపు పలకపై మార్పు చెందజేసి, అందు పుట్టిన విద్యుత్తును కొలుచును. అటుపిమ్మట నొక లెక్క. ఊపిరిలోని ఆల్కహాలును 2,100తో హెచ్చించినచో అదే పరిమాణముగల రక్తములోని ఆల్కహాలు వచ్చునని సాధారణముగా గ్రహింతురు.

ఈ 2,100 అను సంఖ్య దేవుడు మనుష్యుల కందరకు సమానముగా పంచిపెట్టినది కాదు. అది లెక్కకొఱకు మనము కుదుర్చుకొన్న సంఖ్య. ఒకని దేహమున నది 1,800 కావచ్చును. వేరొకనియందు 2,400 కావచ్చును. ఒకే మనుష్యునియందే వేళనుబట్టియు, దేహపు వేడినిబట్టియు, ఊదిన తీరునుబట్టియు మారును. జ్వరము తగిలినవాని ఊపిరిలో ఆల్కహాలు కొంత యెక్కువగా గనబడును. యంత్రము 33 చూపెననుకొందము. ఆ మనుష్యుని నిజమైన నిష్పత్తి 1,800 అయినచో వాని రక్తమున నున్నది 28 మాత్రమే. అతడు చట్టము దృష్టిలో నిర్దోషి. వేరొకనికి యంత్రము 28 చూపెననుకొందము. అతని నిష్పత్తి 2,400 అయినచో రక్తమున నున్నది 32. అతడు దోషి, కాని ఇంటికి పోవును. యంత్రము తప్పు చేసినచో నెల్లప్పుడు నిందితునకే హాని యని తలచుట పొరపాటు. సగటున జనులకు నిష్పత్తి 2,100కంటె కొంత హెచ్చుగా నుండుటచేత యంత్రము పలుమారు త్రాగినవానిపట్లనే దయ చూపును. కాని సగటు దయ ఒక్కొక్కనికి న్యాయము కాదు. పదిమందిపట్ల జాలి చూపిన న్యాయాధిపతి పదునొకండవవానిని ఊరక శిక్షించినచో ఆ పదిమంది లెక్క వీనికెట్లు ఉపశమనము?

ఇది హద్దు దగ్గరి మాట. యంత్రము 150 చూపినవాడు నిష్పత్తులను గూర్చి వాదించుట నవ్వులపాలగుటయే. ఎట్టి దేహధర్మమును 150ని 30కి దింపజాలదు. ఈ భేదమును మరచి వాదించువారివలననే ఈ ప్రశ్నకు చెడ్డపేరు వచ్చినది.

వేరొక విధమైన పొరపాటున్నది. అది రక్తమునకు సంబంధించినదే కాదు, నోటికి సంబంధించినది. నోటిలో నప్పుడే మిగిలియున్న ఆల్కహాలు ఊపిరితో గలిసి వచ్చినచో యంత్రము దానిని ఊపిరితిత్తులనుండి వచ్చినదిగానే లెక్కించును. ద్రాక్షారిష్టము, అశోకారిష్టము మొదలగు అరిష్టములు పులియబెట్టుటచేతనే తయారగును. వానిలో సహజముగా ఆల్కహాలుండును. హోమియోపతి మందులు కొన్ని స్పిరిటులోనే కరగింపబడును. నోరు పుక్కిలించు ద్రవములలో కొన్నిట అది యుండును. పదునైదు నిమిషములు వేచియుండినచో ఈ నోటి ఆల్కహాలు పోవును; నిజముగా త్రాగినవాని అంకె మాత్రము నిలుచును. 2025 జూలైలో కేరళదేశమున పందళము బస్సు డిపోలో నొక విచిత్రము జరిగినది. విధికి వచ్చిన డ్రైవర్లు త్రాగలేదని మొరపెట్టుకొన్నను యంత్రము త్రాగినట్లు చూపెను. విచారింపగా వారు బాగుగా మగ్గిన పనసపండు తినియుండిరి. ముందు శూన్యము చూపినవాని చేతను అదే పండు తినిపించి ఊదింపగా యంత్రము వానినిగూడ దోషిగా చూపెను. కొండదిగువ పల్లెలలో పనసచెట్టు లేని పెరడు అరుదైన యీ ప్రాంతపువారికి ఈ కథ నవ్వు పుట్టించును. తాటిచెట్టు క్రింద పాలు త్రాగినను కల్లే యందురను సామెతకు పనసచెట్టును గూడ చేర్చవలసి వచ్చినది. కాని పందళము డ్రైవర్లకు మేలు చేసిన దేది? అక్కడివారు యంత్రము చెప్పినది వేదమని కూర్చుండక, మరల పరీక్షించి చూచుటయే. ఆ ఓపిక లేనిచో పండు తిన్నవాడు త్రాగుబోతుగా ఇల్లు చేరియుండును.

మూడవ పొరపాటు యంత్రమునదే. సంతలో బియ్యము తూచు వర్తకుని కాటాను తూనికలు కొలతల శాఖవారు నియతకాలమున తనిఖీ చేసి ముద్ర వేయుదురు. ముద్రలేని కాటాతో తూచినవానికి జరిమానా. కిలో బియ్యమునకే యింత జాగ్రత్త యుండగా, మనుష్యుని మానమును జీవనమును తూచు యంత్రమునకు ఎంత యుండవలెను? తెలిసిన పాళ్లుగల వాయువును దానిలోనికి పంపి, చూపవలసిన అంకెనే చూపుచున్నదా యని నియతముగా సరిచూడవలెను. ప్రతి మనుష్యునిచేత ఊదించుటకు ముందు ఉత్తగాలితో శూన్యము చూపుచున్నదా యని చూడవలెను. 2025లో కేరళ హైకోర్టు ఒక కేసులో ఈ చిన్న మాటయే పట్టుకొన్నది. ఊదుటకు ముందు శూన్యము చూపవలసిన యంత్రము ఆ కేసులో శూన్యము చూపలేదు. తన శూన్యము తా నెరుగని యంత్రము ఇతరుల దోషము నెట్లు ఎరుగునని ఆ కేసును కొట్టివేసిరి.

మన న్యాయస్థానములు ఈ విషయమున ఏబది యేండ్లకు పైగా ఒకే త్రోవలో నడచుచున్నవి. 1971లో మహారాష్ట్ర రాష్ట్రపు కేసొకదానిలో సుప్రీంకోర్టు, నోట వాసన వచ్చుట, నడక తడబడుట, మాట తొట్రుపడుట, కనుపాపలు పెద్దవగుట వీనినిబట్టి మాత్రమే రక్త మూత్ర పరీక్షలు లేక మనుష్యుడు మత్తుడని నిశ్చయింపరాదని చెప్పెను. 2016 నుండి మద్యనిషేధము నవలంబించిన బీహారులో, ఊపిరి యంత్రపు అంకె నాధారముగా ఉద్యోగము పోగొట్టుకొన్నవాని కేసున 2024లో పాట్నా హైకోర్టు ఆ అంకె తిరుగులేని ప్రమాణము కాదనెను. 2025లో తెలంగాణ హైకోర్టు రోడ్డు రవాణా సంస్థ డ్రైవరొకని తొలగింపును త్రోసివేయుచు, రక్తపరీక్ష లేక ఊపిరి పరీక్ష నొక్కదానినే పట్టుకొని జీవనము తీయుట తగదని తీర్పు చెప్పెను. 185వ సెక్షను క్రింది అభియోగమునకు ఊపిరి పరీక్ష సాక్ష్యముగా చెల్లును. దానిని కదల్పలేకున్న నదియే శిక్షకు చాలవచ్చును. కాని చెల్లు సాక్ష్యము వేరు, ప్రశ్నింపరాని సాక్ష్యము వేరు. ప్రశ్నింపరాని సాక్ష్యమును మన న్యాయశాస్త్రము దేనికిని ఒప్పుకొనలేదు.

ఇచ్చట సంస్కరణపరులైన చదువరులొకరు నన్నాపి, "అయ్యా, మీరు చెప్పునదంతయు త్రాగుబోతు వకీలు చెప్పునదే. వీధిలో ఇంట ఈ మహమ్మారితో పోరాడు మాకు ఇట్టి సందులు తెరచి చూపుట మేలా?" యని యడుగవచ్చును. అడుగుట న్యాయము. నేను చెప్పు సమాధానము విజయనగరమునుండియే దొరకును. 1892లో అక్కడ ప్రదర్శింపబడి, 1909లో విస్తరింపబడి ప్రకటింపబడిన గురజాడవారి కన్యాశుల్కము సంఘసంస్కరణముకొఱకు పుట్టిన నాటకము. అందు లుబ్ధావధానులు ముదిమిలో బాలికను కొని పెండ్లాడినవాడు, సంస్కర్తకు శత్రుపక్షమువాడు. అతడు పెండ్లాడినది నిజముగా ఆడపిల్లయే కాదు, వేషము వేసికొన్న శిష్యుడు. ఆ పిల్ల మాయము కాగానే చంపెనని అతనిపై హత్యాభియోగము వచ్చిపడెను. ఆనవాళ్లన్నియు అతనివైపే చూపుచుండెను. కాని చచ్చినదే లేదు. అప్పుడతనిని విడిపింప పూనుకొన్న దెవరు? దురాచారములను ద్వేషించు సౌజన్యారావు పంతులే. వీడు వేరొక తప్పు చేసినవాడే కదా, ఈ శిక్ష పడిన నేమి యని అతడు అనుకొనలేదు. సంస్కర్తకును పగవానికిని గల భేదమిదియే. పగవానికి శిక్ష చాలును. సంస్కర్తకు శిక్ష సరియైన తప్పునకు, సరియైన ప్రమాణముతో పడవలెను. త్రాగుటను మనము ద్వేషింతుము గావున త్రాగినాడన్న ప్రతివానిని దోషి యనుట సంస్కరణము కాదు, కక్ష.

ఐనను ఆ చదువరి శంక పూర్తిగా తీరలేదు. పదిమంది దోషులు తప్పించుకొన్నను ఒక నిర్దోషి శిక్షింపబడరాదని పెద్దలు చెప్పుదురు. దొంగతనము, అప్పు, తగవు మొదలగువానియందు ఇది చక్కగా సరిపోవును. కాని ఇచ్చట తప్పించుకొన్న పదిమందియు ఆ రాత్రియే మరల బండి యెక్కుదురు. వారి యెదుట నున్నది బడిపిల్ల. కావున ఆ సూత్రము నిట్లే దిగుమతి చేసికొని ఊరకుండరాదు. మరియొక విభజన కావలెను.

నా యభిప్రాయమున ఆ విభజన యిది. ఆపుట వేరు, దండించుట వేరు. ఆపుటకు అనుమానము చాలును. దండించుటకు నిరూపణము కావలెను. యంత్రము 33 చూపినచో పోలీసువారు బండి తాళము తీసికొనవలసినదే. ఆ రాత్రి వాడు బండి నడపరాదు. ఇంటివారికి కబురు పంపి పంపింతురో, స్టేషనులో కూర్చుండబెట్టుదురో, ఏది చేసినను మంచిదే. దానివలన నిర్దోషికి కలుగు నష్టము ఒక పూట ఆలస్యము. ఆపనిచో కలుగు నష్టము ఒక ప్రాణము. ఈ త్రాసులో సందేహమేమున్నది? కాని అదే 33 అంకెను పట్టుకొని వాని లైసెన్సు రద్దుచేయుటకు, జైలుకు పంపుటకు, ఉద్యోగము తీయుటకు పూనినపుడు త్రాసు మారినది. అప్పుడు తొందరలేదు. బాటమీద పిల్లలేదు. ఎదుట నున్నది ఒక మనుష్యుడును, అతని కుటుంబమును. అప్పుడు రక్తపరీక్ష యేది, యంత్రమునకు ముద్ర యేది, శూన్యము చూపెనా, పదునైదు నిమిషములు ఆగితిరా యని యడుగుట న్యాయము. బస్సు డిపోలో ఉదయమున పరీక్ష చేసి డ్రైవరునకు ఆనాడు బస్సు ఇయ్యకుండుట ఆపుట. ఇరువదియేండ్ల కొలువును ఆ ఒక్క అంకెతో తీసివేయుట దండన. ఈ రెంటిని కలిపివేయుటచేతనే ఒకవైపు నిర్దోషులు చెడుచున్నారు, వేరొకవైపు దోషులు తప్పించుకొనుచున్నారు.

కాలము గూడ ఇందులో నొక కక్షిదారు. ఆల్కహాలు రక్తమునుండి గంటకు ఇంచుమించు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిపోవును. బాటమీద 45 ఉన్నవాని రక్తము రెండు గంటల పిమ్మట తీసినచో 15 అగును. దోషి యదృష్టము పండినది. నిర్దోషి మాటయు నంతే. యంత్రము తప్పు చూపినదని రుజువు చేయదగిన రక్తమే ఆలస్యమువలన తన సాక్ష్యమును పోగొట్టుకొనును. మరునాడు తీసిన రక్తము ఎవనికిని సాక్షి కాదు. కావున వెంటనే చేయు రెండవ పరీక్ష నిందితునకు చూపు దాక్షిణ్యము కాదు. సత్యమునకు చేయు సేవ. త్రాగినవానిని పట్టుకొనవలెనని నిజముగా కోరువాడే దానిని ముందుగా కోరవలెను.

ఇక నొక చేదుమాట. యంత్రము నెదిరించు హక్కు అందరికిని కలదని చెప్పుదుము. కాని ఎవరి కది చేతికందునది? గజపతినగరము కూడలిలో నిద్దరిని ఆపిరనుకొందము. ఒకడు కారులో వచ్చినవాడు, మరియొకడు ఆటో నడపువాడు. ఇద్దరికిని అంకె 34. కారువాడు వకీలును పెట్టుకొనును. యంత్రపు తనిఖీ పత్రమెక్కడ నని యడుగును. వాయిదాలకు వకీలు పోవును, అతడు పనికి పోవును. ఆటోవానికి ఒక్కొక్క వాయిదాకు ఒక్కొక్క దినపు సంపాదన పోవును. ఇంటియొద్ద అద్దె, పిల్లల ఫీజు, ఆటో వాయిదా. అతడు తప్పొప్పుకొని జరిమానా కట్టి బయటపడును. నిజముగా త్రాగెనో లేదో ఎవరును విచారింపరు. రెండవసారి పట్టుబడినచో మొదటి ఒప్పుకోలు వానిమీద భారమై నిలుచును. ఒప్పుకొన్నవాడెల్ల దోషి కాడు. ఎదిరించినవాడెల్ల నిర్దోషి కాడు. ధనమున్నవానికే అందు న్యాయము న్యాయమనిపించుకొనదు, అది సరుకు. కావున అడిగినవానికి మాత్రమే కాక, యంత్రము హద్దు దాటి చూపిన ప్రతివానికిని రక్తపరీక్ష చేయింపవచ్చునని తెలుగులో నోట చెప్పి, అంకె పత్రమును వాని చేతికిచ్చి, యంత్రము చివరగా ఎప్పుడు సరిచూడబడెనో ఆ పత్రముమీదనే ముద్రించుట కావలెను. ఇది పెద్ద వ్యయము కాదు. ఇది జరిగినచో పేదవానికి వకీలు లేకున్నను ప్రశ్న యుండును.

ఇంతవరకు నిందితుని హక్కును గూర్చి చెప్పితిని. ఇక వాని ధర్మమును గూర్చి చెప్పకున్న ఈ వ్యాసము సగమే యగును. "మీరు నిరూపింపుడు" అనుట ఒక మాట. "నేను త్రాగలేదు" అనుట వేరొక మాట. మొదటిది చట్ట మిచ్చిన హక్కు. దానిని ఎంత దోషియైనను పలుకవచ్చును. పలుకుటవలన అబద్ధమాడినవాడు కాడు. రెండవది సత్యమునకు సంబంధించినది. త్రాగినవాడు త్రాగలేదని చెప్పి, పనసపండుమీదను అరిష్టముమీదను నెట్టినచో వాడు యంత్రమును మోసగించుట కాదు. రేపు నిజముగా పనసపండు తిని నిలువబడబోవు నిర్దోషిని మోసగించుచున్నాడు. ప్రతి అబద్ధపు సాకు, నిజమైన సాకుయొక్క విలువను తగ్గించును. నాలుగుసార్లు పులి వచ్చెనని అరచినవాని వలన అయిదవవాని కేక వినువారుండరు. కావున ఈ హక్కును దుర్వినియోగము చేయువారే దానికి ప్రథమ శత్రువులు. వారితరువాతనే దానిని కాదనువారు.

వకీలునకును ఇదియే ధర్మము. తన కక్షిదారు పక్షమున ప్రమాణమును పరీక్షించుట అతని వృత్తి. లేని అరిష్టపు సీసాను కల్పించుట అతని వృత్తి కాదు. కేసు గెలిచిన సాయంకాలము కక్షిదారునితో, "చట్టము నిన్ను విడిచినది, ఇకమీద బాట నిన్ను విడువదు" అని ఒక్క మాట చెప్పగల వకీలు మన పట్టణములలో ఎందరో గలరని నమ్ముచున్నాను.

న్యాయస్థానమునకు దొరకని ప్రమాణము ఇంటిలో దొరకును. భర్త ఏమి త్రాగి వచ్చెనో భార్యకు నిష్పత్తులతో పనిలేదు. కొడుకు కన్నులను చూచిన తల్లికి యంత్రము అక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచినపుడు వారు కోరినది తమ మగవారికి చెర కాదు, దుకాణముల మూత. వారి పూనికచేతనే 1993లో సారా నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ నిషేధము వచ్చినది. 1997లో అది సడలిపోయినది. ఆ చరిత్ర మనకు రెండు సంగతులు నేర్పుచున్నది. త్రాగుడును నిలుపగల బలము ముందుగా ఇంటియందు పుట్టును. దానిని నిలువబెట్టుకొను ఓపిక ప్రభుత్వమునకు చాలదు. 2019 నుండి 2024 వరకు మన ప్రభుత్వమే దుకాణముపెట్టి మద్యము అమ్మినది. తరువాత ప్రైవేటువారికి దుకాణము లిచ్చి దానిమీద ఆదాయము తీసికొనుచున్నది. సాయంకాలము సీసా అమ్మి ఆదాయము తీసికొని, రాత్రి కూడలిలో ఊదించి జరిమానా తీసికొను ప్రభుత్వమునకు, ఇతరులకంటె ఎక్కువ జాగ్రత్తతో తూచవలసిన బాధ్యత కలదు. అమ్మినవాడే తీర్పరియైనచో కాటాకు ముద్ర రెండింతలు స్పష్టముగా నుండవలెను.

మన ఇండ్లలో చేయదగినది ఏమి? త్రాగినవానికి తాళములు ఇయ్యకుండుట. పెండ్లిలోనో, అమ్మవారి జాతరలోనో చుట్టము తడబడుచు బండి యెక్కబోవునపుడు "అల్లునికి కోపము వచ్చును, మామగారు నొచ్చుకొందురు" అని మర్యాదకు జంకక ఆపుట. అట్లాపుటకు యంత్రము వద్దు, అంకె వద్దు, చట్టము వద్దు. అట్లాపిన యింట పోలీసు యంత్రమునకు పని తగ్గును; పని తగ్గిన యంత్రమునకు తప్పులు చేయు నవకాశమును తగ్గును. మనము ఆపనిచోట యంత్రము ఆపవలసి వచ్చును. యంత్రము ఆపినచోట అది సరిగా తూచవలెనని యడుగు నధికారము మనకుండవలెను. ఈ రెండు పనులును ఒకే మనుష్యుడు చేయవచ్చును. ఒక చేత తాళము తీసికొనుచు, వేరొక చేత కాటా ముద్ర చూపుమని యడుగువాడే నా దృష్టిలో నిజమైన మద్యవిరోధి.

ఊపిరి దేహమునకు ప్రాణము. దానిని సాక్ష్యముగా చేసికొన్నప్పుడు సంఘము ఆ ఊపిరిపట్ల రెండు ఋణములు తీర్చుకొనవలెను. దారిన పోవువారి ఊపిరి ఆగకుండ కాచుట ఒకటి. గొట్టములో ఊదినవాని ఊపిరిని సరిగా చదువుట రెండవది. మొదటి ఋణము తీర్చితిమని రెండవది ఎగవేసినచో, రెండవదాని పేరు చెప్పి మొదటిదానిని మరచినచో, రెండువిధములను మనము బాకీదారులమే.